ఇంటిపేరు ఒకటైతే చుట్టాలేనా?

కాదండీ, ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊరి పేర్లే. పూర్వీకులు వదిలి వచ్చిన ఊరే ఇంటిపేరై నిలిచింది. 'కందుకూరి' అంటే కందుకూరుకు చెందిన అనే అర్థం, ఊరు 'ఊరి' అయినట్టే. ఒకే ఊరి నుంచి సంబంధం లేని కుటుంబాలెన్నో వలస వెళ్లి ఉండొచ్చు.

రాజమహేంద్రవరంలో 1848లో పుట్టిన సంఘసంస్కర్త వీరేశలింగం కందుకూరివారే. 16వ శతాబ్దపు కవి రుద్రకవిదీ అదే ఇంటిపేరు. అంతమాత్రాన రుద్రకవి వీరేశలింగంగారి పూర్వీకుడని చెప్పడం తప్పు.

కోనసీమలో కొత్తవారిని ముందు అడిగేది "మీ ఇంటిపేరేంటండీ?" అనే. ఆప్యాయమైన ప్రశ్నే. కానీ జవాబు వినగానే కులం, గోత్రం తెలిసిపోయాయనుకుంటారు, అక్కడే పొరపాటు. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లో ఉంటుంది, ఒకే కులంలోనూ వేర్వేరు గోత్రాలవారికి ఉంటుంది.