డొమినిక్ డన్ రాసింది పెద్దింటి గాసిప్పేనా?

గొప్పిళ్ళ గుట్లు, హత్య కేసులు రాసి పేరు తెచ్చుకున్న అమెరికన్ రచయిత డొమినిక్ డన్‌ను చదవడం దండగేనా అని అడిగారు. దండగ కాదండి. పదకొండేళ్ళు విజయనగరంలో ఓ పేపరుకి కంట్రిబ్యూటర్‌గా కోర్టు వార్తలు రాశాను. ఆయన్ని ముందే చదివుంటే నా వార్తలు వేరేగా ఉండేవి.

ఓసారి రైస్ మిల్లు ఓనరింటి కోడలు చనిపోయిన కేసు. వాయిదా రోజు మిల్లు వాళ్ళు రెండు కార్లలో దిగారు. నేనూ అటే పరిగెత్తాను. ఎవరెవరొచ్చారు, ఏ లాయరు, అంతా రాసుకుంటున్నాను. గజపతినగరం వైపు నుంచి బస్సులో వచ్చిన ఆ పిల్ల తల్లి చెట్టుకింద కూర్చుంది. ఒళ్ళో స్టీలు క్యారేజీ, మూత తియ్యనే లేదు. "ఆళ్ళ పేర్లన్నీ రాసుకున్నావు. మా పిల్ల పేరేటో అడగనేదేటి బాబూ?" అంది. నిజంగానే అడగలేదు. అడిగి రాసి పంపితే, డెస్కులో దాన్ని "మృతురాలు" అని మార్చి వేశారు. తర్వాత కేసు కొట్టేశారు.

డన్ కూర్చున్నది ఆ తల్లి పక్కన. సినిమా నిర్మాతగా బతికి, తాగుడుతో అంతా పోగొట్టుకుని, యాభై దాటాక కలం పట్టాడు. 1982 అక్టోబరు 30న ఇరవై రెండేళ్ళ కూతురు, నటి డొమినిక్ గొంతు మాజీ ప్రియుడు నులిమేశాడు. ఐదు రోజులకి ఆ పిల్ల పోయింది. విచారణకి వెళ్ళేముందు టీనా బ్రౌన్ అనే సంపాదకురాలు రోజూ డైరీ రాయమంది. అదే 1984 మార్చిలో అమెరికన్ పత్రిక వానిటీ ఫెయిర్‌లో వ్యాసమై వచ్చింది. ముద్దాయి రోజూ బైబిల్ పట్టుకుని కోర్టుకి రావడం, కూతురి కోసం తల్లి చక్రాల కుర్చీలో రావడం, ముద్దాయి చేతిలో అంతకుముందు దెబ్బలు తిన్న ఇంకో అమ్మాయి సాక్ష్యం తీర్పు చెప్పే జ్యూరీ చెవిన పడకుండా ఆపెయ్యడం, అన్నీ ఆ తండ్రి కళ్ళతోనే చూస్తాం. హత్య కాదు, ఆవేశంలో జరిగిందని తేల్చి ఆరున్నరేళ్ళు వేశారు. నాలుగేళ్ళు నిండకుండానే బయటికొచ్చాడు.

మాజీ భార్యను చంపాడని ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ మీద నడిచిన కేసు వగైరా ఆ తర్వాతి సంగతులు. అక్కడా చనిపోయినవాళ్ళ తరఫునే ఉన్నాడు, దాచుకోలేదు. ఆ పట్టుదలే ఓసారి ముంచింది కూడా. రుజువు లేని కథొకటి రేడియోలో చెబితే గ్యారీ కాండిట్ అనే రాజకీయ నాయకుడు పరువునష్టం దావా వేశాడు, 2005లో రాజీ పడాల్సొచ్చింది. అది తప్పే. కోర్టు వార్తలు రాసేవాళ్ళు అదీ తెలుసుకోవాలి.

నవలలు నెమ్మదిగా చదవచ్చు. ముందు ఆ 1984 వ్యాసం చదవండి. ఇంగ్లిష్ కష్టమనిపిస్తే డిక్షనరీ పక్కన పెట్టుకోండి. నేనూ అలాగే చదివాను, నాలుగు రాత్రులు పట్టింది.