బయూ క్లాసిక్‌కు కెమెరాతో వెళ్లే ముందు

చి. సౌమ్యకు, ఆశీస్సులు.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో న్యూ ఆర్లీన్స్ వెళ్లి బయూ క్లాసిక్ ఫోటోలు తీస్తానని రాశావు. సంతోషం. అది గ్రాంబ్లింగ్, సదరన్ విశ్వవిద్యాలయాల మధ్య ఏటా జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ. టికెట్టు మీద ఫుట్‌బాల్ అని ఉంటుంది గానీ, ఆ రెండింటి కవాతు బ్యాండ్లను చూడటానికే వచ్చేవాళ్లు అక్కడ కొల్లలు. ఆట సాగుతుండగా తిండికి లేచి, బ్యాండ్లు మైదానంలోకి దిగే సగం ఆట విరామానికల్లా పరుగున సీట్లకు చేరతారు. నువ్వూ అంతే. బ్యాటరీలు మార్చుకోవడం, కార్డులు సర్దుకోవడం ఆట జరిగేటప్పుడే కానివ్వు.

తెల్లవారి కళాశాలల తలుపులు మూసి ఉన్న కాలంలో నల్లజాతి విద్యార్థుల కోసం నిలబడిన చదువుల ఇళ్లివి. సదరన్ 1880లో, గ్రాంబ్లింగ్ 1901లో మొదలయ్యాయి. 1967లో జరిగిన మొట్టమొదటి సూపర్ బౌల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద ఫైనల్‌లో, గ్రాంబ్లింగ్ బ్యాండు వాయించింది. ఇదే సంప్రదాయానికి చెందిన ఫ్లోరిడా ఎ అండ్ ఎం బ్యాండు 1989లో, ఫ్రెంచి విప్లవం రెండు వందల ఏళ్ల వేడుకకు పారిస్ వీధుల్లో కవాతు చేసింది. ఇంత చరిత్ర ఉన్నవాళ్ల దగ్గరికి వింత చూడటానికి వచ్చిన మనిషిలా వెళ్లకు.

ముందురోజు రాత్రి జరిగే బ్యాండ్ల పోటీని వదులుకోవద్దు. పాస్ లేనివాళ్ల పెద్ద లెన్సులను స్టేడియం గేటు దగ్గరే ఆపేస్తారు, నిబంధనలు ముందే చదువుకో. చెవులకు ఏదైనా పెట్టుకో. ఒంటికి చుట్టుకుని వాయించే పెద్ద బాకాలు, సూసాఫోన్లు, వాటి వరుస ముందు నిలబడితే శబ్దం చెవిలో కాదు, రొమ్ములో వినిపిస్తుంది.

వెలుతురు సంగతి జాగ్రత్తగా విను. తెల్ల చేతిజోళ్లు, ఇత్తడి మెరుపు చూసి కెమెరా తనంతట తాను వెలుతురు తగ్గించేస్తుంది. నల్లని ముఖాల్లోని వివరమంతా చీకట్లో కలిసిపోతుంది. అందుకని ముఖం మీదే వెలుతురు కొలిచి, కెమెరాను మాన్యువల్‌లో పెట్టుకో. ట్రాంబోన్ అంచున ఒక చుక్క తెల్లగా కాలిపోయినా ఫరవాలేదు. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో చర్మానికి తెలుపు పులమకు. అది మన పెళ్లి ఆల్బముల జబ్బు, అక్కడిదాకా మోసుకెళ్లనక్కర్లేదు.

నాట్యం చేసే అమ్మాయిలకు సెకనులో వెయ్యో వంతు వేగం కావాలి. డ్రమ్ముల దగ్గర మాత్రం అరవయ్యో వంతుకు దించి చూడు. కర్రలు చెదిరి, వాయించేవాడి కళ్లు నిలిచి కనిపిస్తాయి. బ్యాండును ముందుండి నడిపే డ్రమ్ మేజర్ వెనక్కి వంగి టోపీ తురాయిని నేలకు తాకించే క్షణం అందరూ తీస్తారు. నువ్వూ తియ్యి, కానీ అంతటితో తృప్తి పడకు. మైదానంలోకి దిగేముందు సొరంగంలో వరుసలు కట్టే చోట చూడు. ఒకరి కాలరు ఇంకొకరు సరిచేస్తుంటారు, పెదవులు తడుపుకుంటారు, ఒకడు కళ్లు మూసుకుని వేళ్లతో ట్రంపెట్ మీటలు నొక్కుకుంటూ పాఠం వల్లె వేస్తుంటాడు. నాకు అలాంటి ఫోటో ఒక్కటి చాలు.

ఆట ముగిశాక చాలామంది ఫోటోగ్రాఫర్లు సంచి సర్దేస్తారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆటకు నాలుగు భాగాలే కాబట్టి దాన్ని ఫిఫ్త్ క్వార్టర్, అంటే ఐదో భాగం అంటారు. రెండు బ్యాండ్లూ స్టాండ్లలోనే ఉండి వంతులవారీగా వాయిస్తాయి. ఒకరు పాట ఆపగానే అటునుంచి జవాబు లేస్తుంది. అక్కడ కెమెరాను సగం సేపు జనం వైపు తిప్పు. ఒకప్పుడు అదే బ్యాండులో వాయించిన పెద్దవాళ్లు గాల్లో వేళ్లు ఆడిస్తూ దొరుకుతారు.

వరుసల మధ్యలోకి దూరకు, వాయించేవాళ్ల దారికి అడ్డం నిలబడకు. ఎవరినైనా దగ్గరగా తీస్తే పేరడుగు, ఫోటో పంపుతానని చెప్పు, చెప్పినట్టు పంపు. నాకు మాత్రం వందలు పంపవద్దు. నువ్వే ఏరి ఆరు పంపు. ఏడోది వస్తే తెరవను.

ఇట్లు,
మీ బాబాయి