టెక్ సందేహాలు: సెట్టు పోయింది, గొంతు ఉంది

ప్రశ్న: సార్, మా నాయన కువైట్‌లో పనిచేసేవాడు. 1988లో సెలవుకొచ్చినప్పుడు నేషనల్ పానాసోనిక్ టూ ఇన్ వన్ (రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన సెట్టు) తెచ్చినాడు. ఉత్తరాలకు బదులు అక్కడ క్యాసెట్లలో మాట్లాడి, ఊరికొచ్చే వాళ్ల చేతికిచ్చి పంపేవాడు. ఆయన పోయినాక, ఇల్లు మారేటప్పుడు ఆ సెట్టును పాత సామాన్లాయనకు 150 రూపాయలకు ఇచ్చేసినా. ఇప్పుడు బీరువా అడుగున మూడు క్యాసెట్లు దొరికినాయి. అదే మోడల్‌కు ఆన్‌లైన్‌లో 9 వేలు చెప్తున్నారు. కొనమంటారా? (ఓ పాఠకుడు, కడప)

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు క్యాసెట్ల సంగతి చూద్దాం.

మీ బాధ నాకు తెలియనిది కాదు. అనంతపురంలో ఎక్స్‌ఛేంజ్ ఆఫరని స్టీరియో డెక్కు ఇచ్చేసి డీవీడీ ప్లేయర్ తెచ్చుకున్న ఘనుణ్ని నేను. ఆ ప్లేయర్ మూడేళ్లకే అటకెక్కింది. డెక్కు మీద పాటతో పాటు ఊగే ఆ రెండు మీటరు ముళ్లు మాత్రం ఇంకా కళ్లముందే ఉన్నాయి.

అయితే ఒకటి గమనించండి. మీ నాయన గొంతు రికార్డయింది మీరు అమ్మేసిన సెట్టులో కాదు, కువైట్‌లో ఆయన గదిలో ఉన్న వేరే సెట్టులో. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్‌కు రీలు వేగం ఎక్కడైనా ఒకటే, సెకనుకు 4.76 సెంటీమీటర్లు. కాబట్టి వేగం సరిగ్గా ఉన్న ఏ టేప్‌రికార్డరైనా సరిపోతుంది. బంధువుల ఇళ్లలో అడగండి. మన కడపలో గల్ఫ్ సెట్టు లేని వీధి ఉండేదా!

ఆ 9 వేల సెట్టు 'వర్కింగ్' అంటే చాలాసార్లు రేడియో మోగుతుందని మాత్రమే అర్థం. 35 ఏళ్లకు లోపలి రబ్బరు బెల్టు సాగిపోయో, తారులా కరిగిపోయో ఉంటుంది. క్యాసెట్ పెట్టి తిప్పిన వీడియో అడగండి. వెనక వోల్టేజి స్విచ్ ఉంటే అదీ చూసుకోవాలి. 110 మీదుంటే, మన 230 కరెంటుకు పెట్టగానే కాలిపోతుంది.

సెట్టు దొరికాక మీ క్యాసెట్టే మొదట పెట్టకండి. పోయినా పర్లేదనుకునే పాటల క్యాసెట్ ఒకటి ఆడించి, రీలు నమలడం లేదని తేల్చుకోండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో హెడ్డు, అంటే రీలుకు ఆని శబ్దాన్ని చదివే భాగం, తుడవండి. ఇక నాయన క్యాసెట్ వెనక అంచు చూడండి. రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటే విరిచేయండి. అవి లేకపోతే రికార్డు బటన్ నొక్కుడు పడదు, పొరపాటున గొంతు చెరిగిపోయే భయం ఉండదు. కింది కిటికీలో రీలు వెనక ఈకంత రాగి పట్టీ, దానిమీద చిన్న మెత్త ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి బంక ఎండి ఆ మెత్త రాలిపోతే శబ్దం వచ్చీరానట్టు ఉంటుంది. మరలున్న డబ్బా అయితే విప్పి, రీలును ఇంకో క్యాసెట్ డబ్బాలోకి మార్చుకోవచ్చు.

మాట దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వినబడిందంటే రికార్డు చేసిన సెట్టు హెడ్డుకూ ఈ హెడ్డుకూ వాలు కుదరలేదని. హెడ్డు పక్కనున్న చిన్న మరను, క్యాసెట్ ఆడుతుండగానే, వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. 'స', 'శ' స్పష్టంగా పలికిన చోట ఆపేయండి.

హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ల్యాప్‌టాప్ మైకు సాకెట్‌కు నేరుగా కలిపితే శబ్దం పగులుతుంది. లైన్ ఇన్ (బయటి సెట్టు శబ్దం తీసుకునే సాకెట్) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనుక్కోండి. ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, వేవ్ ఫైలుగా ఎక్కించండి. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, సుమారు 600 ఎంబీ అవుతుంది. గురగుర తీసే నాయిస్ రిడక్షన్ ఏదైనా కాపీ మీదే చేయండి, అదీ కొంచెమే. గొంతు వెనక వినబడే ఆ గది కూలర్ మోత కూడా తుడిచేశారంటే, తర్వాత నన్ను తిట్టుకుంటారు.

ప్రశ్న: తాత కాలం నాటి 78 రికార్డులున్నాయి. కొత్త టర్న్‌టేబుల్ మీద పెట్టొచ్చా? (కర్నూలు)

జవాబు: నిమిషానికి 78 చుట్లు తిరిగే వేగం దానికి ఉంటేనే. ముల్లు కూడా మార్చాలి. తర్వాత వచ్చిన ఎల్పీ రికార్డుల ముల్లు మొన 0.7 మిల్లు (మిల్లంటే అంగుళంలో వెయ్యోవంతు) ఉంటే, వీటి వెడల్పు గాడికి దాదాపు 3 మిల్లుల ముల్లు కావాలి. లక్కతో చేసినవి కాబట్టి ఆల్కహాల్‌తో తుడవకండి, కరిగిపోతాయి. చేయి జారితే పెంకులే.