ఇత్తడిని తోమకురా

చిరంజీవి చిన్నాకి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పాతకాలం మైక్రోస్కోపులు పోగుచేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎర్రగడ్డ సంతలో ఇత్తడిది ఒకటి కొన్నావట, ఇంకోదానికి బేరం నడుస్తోందట. మీ అమ్మది డబ్బు దిగులు. నాకు మాత్రం సంతోషంతో ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారేసరికి భయం పట్టుకుంది.

కొనేముందు కన్నుపెట్టి చూడు. కొత్త ఇత్తడి గొట్టాల మీద లండన్ పేర్లు చెక్కించి పాతవని అమ్మేవాళ్లున్నారు. జేబులో ఒక స్లైడు, ఉల్లిపాయ ముక్క పెట్టుకో. ఉల్లిపొరలో కణాల గోడలు కనబడకపోతే అది షోకేసు బొమ్మ. అప్పు చేసి కొనకు. నూరేళ్లు దాటినవాటిని మన ఇష్టానికి విదేశాలకు పంపడానికి 1972 నాటి పురాతన వస్తువుల చట్టం ఒప్పుకోదు, అమెరికాలో మీ బావ అడిగినా సరే.

ఇక నా భయం. ఇంటికి తెచ్చి దాన్ని తోమావా?

నేను తోమాను. కాలేజీ స్టోర్‌రూమ్ సామాను వేలం వేసినప్పుడు నాకో లైట్జ్ కంపెనీ మైక్రోస్కోపు దొరికింది, జర్మనీలో వెట్జ్‌లార్‌లో తయారైనది. గొట్టం మీద తేనెరంగు పూత, అక్కడక్కడా మచ్చలు. దసరాకి ఆయుధపూజలో పెడదామని మీ పెద్దమ్మ దగ్గర చింతపండు అడిగి తీసుకుని, బూడిద కలిపి, కొబ్బరిపీచుతో రుద్దాను. బంగారంలా మెరిసింది. ఏటా అదే పని చేశాను, ఏడెనిమిదేళ్లు.

ఆ తేనెరంగు మురికి కాదురా, లక్క! జువాలజీ చెప్పినవాణ్ణి, లక్క పురుగు గురించి ఏటా పాఠం చెప్పినవాణ్ణి, ఆ పురుగు స్రవించిన లక్కనే స్పిరిట్‌లో కరిగించి ఇత్తడికి పూత వేస్తారని నాకు తట్టలేదు. పూత పోయాక మా బందరు ఉప్పుగాలికి ఇత్తడి పచ్చగా చిలుమెక్కింది. చిలుమెక్కిందని మళ్లీ తోమాను. చెక్కిన అక్షరాల్లోని నలుపు పోయింది, తయారీ నంబరు అరిగిపోయింది. లక్షో నంబరు మైక్రోస్కోపును లైట్జ్‌వాళ్లు 1907లో క్షయ క్రిమిని కనిపెట్టిన రాబర్ట్ కోచ్‌కి బహూకరించారు. నాది ఆ తర్వాతిది. లక్షా పదమూడు వేలో, పద్దెనిమిది వేలో! ఆ అంకె మూడో ఎనిమిదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఓసారి సంగతి తెలిసినాయన ఒకరు ఇంటికొచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మాట్లాడకుండా బల్ల మీద పెట్టేశారు. ఆ మౌనం నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకని స్పిరిట్ దగ్గరికి రానీయకు, అది లక్కని కరిగించేస్తుంది. బ్రాసో పాలిష్ వద్దు, చింతపండు వద్దు. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము దులుపు, చాలు. లెన్సుని చొక్కా అంచుతో తుడిచే అలవాటు నీకు చిన్నప్పట్నుంచీ ఉంది, మానెయ్. రబ్బరు బుడ్డితో గాలి ఊదు. బూజు పట్టిన లెన్సుని మిగతావాటితో కలిపి పెట్టకు. చెక్కపెట్టె మూసేసి వదిలేయకుండా లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో మార్చుతూ ఉండు.

నువ్వు ఏడో తరగతిలో ఉండగా బేగంపేటలో రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనానికి తీసుకెళ్లాను, గుర్తుందా? 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో ఆయన మలేరియా జాడ పట్టుకున్నాడని చెబుతుంటే నా వేలు వదల్లేదు నువ్వు. ఆ రోజుల్లో తన చెమటకి మైక్రోస్కోపు స్క్రూలు తుప్పుపట్టాయని ఆయనే రాసుకున్నాడు. నీ చేతికొచ్చినదాని మీద అలాంటి తుప్పు ఉంటే, ఎవరో రాత్రింబవళ్లు దాని ముందు కూర్చున్నారన్నమాట. దాన్ని అలాగే ఉంచు నాన్నా.

సంక్రాంతికి రా. నా లైట్జ్ బీరువాలో ఉంది, నీకోసమే తీసిపెట్టాను. నీ కళ్లు చురుకైనవి, వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుని ఆ అంకె మూడో ఎనిమిదో చూసి చెప్పు.

మీ పెదనాన్న