అమీన్ సాబ్ చేతిలో ఏ రివాల్వర్?

హన్మకొండ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. దొర గడి, చింతచెట్టు, వెట్టిమనిషి చెప్పుల్లేని కాళ్లు బాగున్నాయి. ఒక్కచోటే పంటికింద రాయి తగిలింది. 1946లో అమీన్ సాబ్ (నిజాం కాలపు పోలీసు అధికారి) రివాల్వర్ సేఫ్టీ తీసి కాల్చాడు, ఖాళీ గుల్ల ఎగిరి నేల మీద పడింది అన్నావు. అది పిస్టల్ చేసే పని. రివాల్వర్‌లో కాల్చిన గుల్లలు మనం తీసేదాకా తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్‌లోనే ఉంటాయి. సేఫ్టీ మీట కూడా మామూలుగా ఉండదు (సింగపూర్ పోలీసుల కోసం ప్రత్యేకంగా పెట్టి చేసిన వెబ్లీ కంపెనీ రివాల్వర్లున్నాయి, ఆ గొడవ మనకొద్దు). ఇదే తప్పు నేనూ రాశాను. కథ అచ్చయిన వారానికే చౌరస్తా దగ్గర చాయ్ తాగుతుంటే ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ వచ్చి, "సారూ, ఎప్పుడన్న ముట్టుకున్నరా?" అన్నాడు. ఇప్పటికీ సిగ్గే.

నీ అమీన్‌కు బర్మింగ్‌హామ్‌లో చేసిన వెబ్లీ .38 రివాల్వర్ ఇవ్వు. ఆరు తూటాలు. హామర్ (తూటాను పేల్చే సుత్తి) పక్కన ఎడమవైపు మీట ఉంటుంది. బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే తుపాకీ నడుం దగ్గర మడత పడుతుంది, ఆరు గుల్లలూ ఒకేసారి పైకి లేస్తాయి. 1932లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న ఎన్‌ఫీల్డ్ రివాల్వర్ దీనికి తోడబుట్టినట్టే ఉంటుంది, కానీ ఫ్రేమ్ కుడివైపు ఆ పేరు, కిరీటం, సంవత్సరం కొట్టి ఉంటాయి. బాణం గుర్తుంటే సర్కారు సొత్తు. సిలిండర్ పక్కకు తెరుచుకుని, సీరియల్ నంబర్ ముందు 'వి' అక్షరం ఉంటే యుద్ధకాలపు అమెరికా స్మిత్ అండ్ వెస్సన్. కాన్పూర్‌లో చేసే .32 రివాల్వర్ చాలా తర్వాత వచ్చింది, నీ కథలోకి రానివ్వకు. తళతళలాడేది చూసి మురిసిపోకు, పాలిష్ పట్టినప్పుడు ముద్రలే ముందు అరిగిపోతాయి. నాకైతే రంగు పోయినా భాగాల మీది నంబర్లు ఒకదానితో ఒకటి కలిసినదే నచ్చుతుంది.

గడి అటక మీద ఒకటి దొరికిందని, అమ్ముతారని రాశావు. జోలికి పోకు. కాల్చగలిగే తుపాకీకి 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఉండాల్సిందే. ఉన్నా, 2019 సవరణ తర్వాత మామూలు మనిషికి రెండే. నువ్వు ముద్రల బొమ్మలు నోట్‌బుక్‌లో గీసుకో. రిటైరైన పోలీసులను కూర్చోబెట్టి బెల్టు ఎక్కడ ఒరిసేదో, పిడి కింద రింగుకు తాడు ఎందుకు కట్టేవాళ్లో అడుగు.

ఇంకో మాట. మీ అమీన్ ఎడమచేతి వాటం అని రెండో పేజీలో నువ్వే రాశావు. తుపాకీని తెరిచే ఆ మీట ఉన్నది కుడిచేతి బొటనవేలికి అందేచోట. తూటాలు అయిపోయి, గడి తలుపు మీద జనం దెబ్బలు పడుతుంటే, దాన్ని ఎట్లా తెరుస్తాడు? ముందు ఆ సీన్ రాసి పంపు.

మీ అన్న