మామ్మకి కనిపించిన గుంటలు

"మా అమ్మకి 74 ఏళ్ళు. రెటీనాలో మాక్యులా అరిగిపోతోందన్నారు. ఈమధ్య మతిమరుపు కూడా మొదలైంది. కంటికీ మెదడుకీ ఏమైనా సంబంధం ఉందా?" అని మీరు అడిగారు. ఉంది. రెటీనా అంటే కంటి వెనకుండే చూపు తెర, మాక్యులా దాని నడిమి భాగం. అసలు రెటీనా మెదడులో భాగమే. పిండం ఎదిగేటప్పుడు ముందు మెదడు నుంచే బుడిపెలా పొడుచుకొచ్చి రెటీనా తయారవుతుంది. హైస్కూల్లో ఏళ్ళ తరబడి జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, మా ఇంట్లో అవసరం పడినప్పుడు మాత్రం ఈ సంగతి తట్టలేదు.

మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. మా మామ్మ 81వ ఏట ఓ రోజు "గుమ్మం వంకర తిరిగిపోనాదిరా" అంది. చిన్నాన్న వడ్రంగిని పిలిపించాడు. అతను దారానికి బరువు కట్టి వేలాడదీసి, పైనా కిందా చూసి, "నిటారుగానే ఉందమ్మా" అని వెళ్ళిపోయాడు. మామ్మ మళ్ళీ ఆ మాటెత్తలేదు. తిన్నని గీత వంకరగా కనబడిందంటే మాక్యులా కింద కొత్త రక్తనాళాలు పుట్టి నీరు కారుతూ ఉండొచ్చు. దానికి కంట్లో వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. కానీ వారాల్లో వెళ్ళాలి. మేం రెండేళ్ళు పోగొట్టాం.

ఆ రెండేళ్ళ తర్వాత ఒక సాయంత్రం అరుగు మీద నులకమంచంలో కూర్చుని, "ఆ గుంటలకి కూడా కూడెట్టమ్మా" అంది పిన్నితో. అక్కడ పిల్లలెవరూ లేరు. గోడవారగా నలుగురు నిల్చున్నారట, ఎర్ర గౌన్లు, గౌను మీద పూలు. బొత్తాలు కూడా లెక్కపెట్టి చెప్పింది. ఎదురుగా ఉన్న నా మొహం మాత్రం ఆవిడకి ఆనేది కాదు.

గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఒక డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. అరసవల్లి మొక్కు కూడా అయింది. ఇంట్లో అందరూ "మతి చలించింది" అని గుసగుసలాడేసరికి మామ్మ చెప్పడం మానేసింది. ఓ రాత్రి ఎవరూ లేకుండా చూసి నన్నడిగింది: "నాకు మతి పోనాదేటిరా?" ఆ గుంటలు ఏమంటారని అడిగాను. "ఏటీ అనరు. నిజం కాదని నాకు తెలుసురా."

విశాఖ తీసుకెళ్తే, చుక్కలు వేసి కంటి వెనక భాగం చూసిన డాక్టరుగారు ఐదు నిమిషాల్లో చెప్పేశారు: చార్లెస్ బానే సిండ్రోమ్. 1760లో ఆ పేరుగల స్విస్ పండితుడు చూపు తగ్గిన తన తాతకి మనుషులు, భవనాలు కనబడటం గురించి రాశాడు. కంటి నుంచి కబురు ఆగిపోతే మెదడు సొంతంగా బొమ్మలు గీసుకుంటుంది. పిచ్చి కాదు. బొమ్మలు వచ్చినప్పుడు లైటు వేసి, కళ్ళు అటూ ఇటూ తిప్పమన్నారు. మామ్మ అలాగే చేసేది, "ఎల్లిపోనారు" అనేది.

నాకు కోపం ఎక్కడంటే, మనవాళ్ళకి కంటిజబ్బంటే శుక్లం ఒక్కటే. "ఆపరేషన్ చేయించేశాం కదా" అంటారు. శుక్లం ముందున్న లెన్సుది, రెటీనా వెనకది.

ఇక మీ ప్రశ్న. మాక్యులా కింద పేరుకునే ముద్దల్లో బీటా అమైలాయిడ్ అనే ప్రోటీన్ ఉంటుంది, అల్జీమర్స్ మెదడులో గడ్డకట్టేదీ అదే. ఇంకోటి, క్రిముల పని పట్టే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దండు మన ఒంట్లో ఉంది. పసివయసులో కంటి నుంచి మెదడుకి వెళ్ళే అనవసరపు లంకెలకి గుర్తు పెట్టి తీసేయించేది ఆ దండేనని బెత్ స్టీవెన్స్ అనే అమెరికన్ న్యూరోసైంటిస్ట్, సహచరులు 2007లో ఎలుకల్లో చూపించారు. గ్లకోమా (కంటినరం దెబ్బతినే జబ్బు) ఉన్న ఎలుకల్లో అదే పని పెద్ద వయసులో మళ్ళీ మొదలవుతోంది. 2016లో అల్జీమర్స్ ఎలుకల్లోనూ కనిపించింది. మాక్యులా జబ్బుకీ ఈ దండుకీ జన్యుసంబంధం ఉందని 2005లోనే తేలింది. 2023లో అమెరికాలో ఈ దండుని అడ్డుకునే కంటి మందుకి అనుమతి వచ్చింది. ఒకటి ఉంటే రెండోది వచ్చి తీరుతుందని కాదు, టెన్షన్ పడకండి. కానీ 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన నిపుణుల కమిషన్ వైద్యం చేయించని చూపులోపాన్ని మతిమరుపు జబ్బు ముప్పు పెంచేవాటిలో చేర్చింది. అందుకే కంటి వైద్యం మెదడుకీ వైద్యమేనని నేను గట్టిగా నమ్ముతాను.

లెక్కల నోటుబుక్కులో చదరాల పేజీ తీసి, ఒక్కో కన్ను మూసి చూడమనండి. గీతలు వంగితే ఆ వారమే వెళ్ళండి. లేనివి ఏమైనా కనిపిస్తున్నాయా అని కూడా అడగండి, పక్కన ఎవరూ లేనప్పుడు, నెమ్మదిగా.