వంటింటి ఉత్తరాలు: ట్రేలో ఆ నీళ్లెక్కడివి?

కిందటి సంచికలో అమెరికాలోని లూసియానా రాష్ట్రపు వంటల గురించి రాస్తూ, స్టేకూ (బీఫ్) రొయ్యలూ కూరి, అక్కడి ఫ్రెంచ్ సంతతివాళ్లయిన కేజన్ల మసాలాతో చేసే క్యాప్సికం గురించి నాలుగు ముక్కలు రాసి వదిలేశాను. కొలతలు సరిగా చెప్పలేదు. దాని ఫలితం ఈ నెల వచ్చిన ఉత్తరాలు. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆ ఒక్క వంటకే ఇచ్చేశాను.

ప్రశ్న: మేడమ్ గారూ, ఆరు పెద్ద క్యాప్సికంలు కొని, పైన మూతలా కోసి, స్టేక్ ముక్కలు, రొయ్యలు, సగం ఉడికిన అన్నం అన్నీ మసాలాలో కలిపి పచ్చిగానే కూరాను. 400 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఓవెన్‌లో పెట్టాను. తీసి చూస్తే ట్రేలో చెంబెడు నీళ్లు. రొయ్యలు రబ్బరు, స్టేక్ చెప్పుతోలు, క్యాప్సికం మాత్రం ఇంకా కరకరలాడుతోంది. తప్పెక్కడ జరిగింది? (ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: తప్పంతా గుత్తివంకాయదండీ. కూరడం అంటే మన చేతులకి తెలిసింది అదొక్కటే. పచ్చి కాయలో కారం పెట్టి, నూనెలో వేసి, మూతపెట్టి మగ్గనిస్తే అన్నీ కలిసి ఒకేసారి ఉడికిపోతాయి. వంకాయ స్పాంజి లాంటిది, నూనెనీ మసాలానీ తాగేస్తుంది. క్యాప్సికం తాగదు, కక్కుతుంది. దాంట్లో నూటికి 90 పాళ్ల పైన నీళ్లే. ఉప్పు తగిలిందంటే వదలడం మొదలుపెడుతుంది. మీరేమో దాన్ని గిన్నెలా నిలబెట్టారు, ఆ నీళ్లు పోవడానికి దారి లేదు. స్టేకూ రొయ్యలూ ఆ నీళ్లలో ఉడికాయన్నమాట.

నాకెలా తెలుసంటారా? లూసియానాలో ఈ లాఫాయెట్ ఊరు వచ్చిన కొత్తలో, అంటే 19 ఏళ్ల కిందట, మా వీధివాళ్లంతా తలా ఒక వంట తెచ్చుకునే భోజనాలకి నేనూ అచ్చం ఇలాగే చేసి పట్టుకెళ్లాను. పక్కింటి కేజన్ ముసలావిడ ఒక కాయని గరిటెతో ఎత్తగానే అడుగున చిరిగి నీళ్లు బడబడా కారాయి. ఆవిడ తాపీగా నా వంక చూసి, "ఇది స్టఫ్డ్ పెప్పరా, గంబోనా?" అంది. గంబో అంటే ఇక్కడివాళ్ల పులుసు. మర్నాడు పొద్దున్నే నన్ను తన వంటింట్లోకి పిలిచి దగ్గరుండి చేయించింది. ఇప్పుడు మీకు చెప్పేది ఆవిడ పద్ధతే, చిన్నచిన్న మార్పులు నావి.

నాలుగు పెద్ద క్యాప్సికంలని తొడిమతో సహా నిలువునా రెండేసి చెక్కలు చేయండి. గింజలు, తెల్ల పొర తీసేసి, నూనె రాసి, ట్రేలో బోర్లా పడుకోబెట్టి 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 15 నిమిషాలు ఉంచండి. తొక్క అక్కడక్కడా ముడతలు పడుతుంది. అప్పుడు ట్రేలో ఊరిన నీళ్లు వంపేసి, చెక్కల్ని వెల్లకిలా తిప్పి, లోపల చిటికెడు ఉప్పు చల్లండి. మీ సమస్యలో సగం ఇక్కడే పోయింది.

ఇక స్టేక్. ఒక పౌండు సర్లాయిన్ అనే కోత చాలు, ఖరీదైన రిబ్‌ఐ కోత అక్కర్లేదు. అరగంట ఫ్రీజర్‌లో ఉంచితే కాస్త బిగుసుకుని కత్తికి లొంగుతుంది. మాంసంలో నార ఎటు పోతోందో చూసుకుని, దానికి అడ్డంగా అరంగుళం ముక్కలు కోయండి. నార వెంబడి కోస్తే ఎంత మంచి మాంసమైనా పళ్లకి పని చెబుతుంది. కాగితం టవల్‌తో తడి బాగా అద్ది రెండు టీస్పూన్ల కేజన్ పొడి పట్టించండి. ఇనప మూకుడు పొగలు వచ్చేదాకా కాలాలి. ముక్కల్ని రెండు విడతలుగా వేయండి, ఒకేసారి కుమ్మరిస్తే మళ్లీ నీళ్లూరతాయి. ఒక నిమిషం కదపకండి. చేయి దురద పెడుతుంది, కలపాలనిపిస్తుంది, అయినా ఆగండి. అడుగు గోధుమ రంగు తిరిగాక ఒకసారి తిప్పి, ఇంకో నిమిషం ఉంచి పళ్లెంలోకి తీసేయండి.

అదే మూకుట్లో ముప్పావు పౌండు రొయ్యలు. పక్కకి ముప్పావు నిమిషం చొప్పున, అంతే. రొయ్య అరసున్నలా వంగితే దించేయాలి. నిండు సున్నలా చుట్టుకుపోయిందంటే ఇక చేసేదేం లేదు. ఇంకా కాస్త పచ్చిగా ఉందే అని కంగారుపడకండి, మిగతాది ఓవెన్‌లో అవుతుంది. చల్లారాక రెండేసి ముక్కలు చేసుకోండి.

పొట్టు పారేశారా? పారేయకండి. పక్క పొయ్యి మీద రెండు కప్పుల నీళ్లలో ఆ పొట్టు, తలలు వేసి 15 నిమిషాలు మరిగించి వడకట్టండి. ఈ వంటకి ప్రాణం అక్కడుంది.

ఇప్పుడు అదే మూకుట్లో రెండు టేబుల్‌స్పూన్ల వెన్న వేసి, ఒక ఉల్లిపాయ, రెండు సెలరీ కాడలు, ఒక పచ్చ క్యాప్సికం సన్నగా తరిగి వేయండి. ఈ మూడింటినీ కలిపి ఇక్కడ హోలీ ట్రినిటీ అంటారు. మనకి తాలింపు ఎలాగో వీళ్లకి అది అలాగ. పది నిమిషాలు ఓపిగ్గా వేపితే, స్టేక్ వేగినప్పుడు మూకుడికి అంటిన మాడు మొత్తం కరిగి పైకి వస్తుంది. నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక కప్పు రొయ్యల నీళ్లు పోసి సగానికి ఇగరనిచ్చి, పొడిపొడిగా ఉన్న అన్నం రెండు కప్పులు కలపండి. నిన్నటి అన్నమైతే మరీ మంచిది. పొయ్యి ఆర్పాక మాత్రమే స్టేక్, పళ్లెంలో దిగిన దాని రసం, రొయ్యలు, ఉల్లికాడలు కలపాలి. గోపురంలా కూరి, వెన్నలో తిప్పిన బ్రెడ్ పొడి పైన చల్లి, పది నిమిషాలు ఓవెన్‌లో పెట్టండి. పైన ఎర్రబడితే తీసేయడమే.

చూశారుగా, క్యాప్సికంకి 25 నిమిషాలు పట్టింది, రొయ్యకి మూకుట్లో నిమిషమున్నర, ఆఖర్న ఓవెన్‌లో పది. రెంటినీ ఒకే గడియారానికి కట్టేస్తే గొడవే. స్టేక్ బదులు ఖీమా వాడేవాళ్లకి ఒక మాట: స్టేక్ లోపల 145 డిగ్రీలకి చేరి మూడు నిమిషాలు ఆగితే చాలు, ఖీమా 160 దాకా వెళ్లాల్సిందే.

ప్రశ్న: ఆంటీ, నేను లాఫాయెట్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. షాపులో కొన్న కేజన్ సీజనింగ్ వేశాను, ఉప్పు కూడా మామూలుగానే వేశాను. నోట్లో పెట్టుకోలేకపోయాం. పైగా కారమే లేదు! (ఒక విద్యార్థి)

జవాబు: బాబూ, డబ్బా వెనక్కి తిప్పి చదువు. చాలా వాటిలో మొదటి పేరే ఉప్పు. అలాంటిది వాడినప్పుడు విడిగా ఉప్పు వేయకూడదు, ఆఖర్న రుచి చూసి కావాలంటే కలుపుకోవాలి. అసలు కొనకు, అయిదు నిమిషాల పని. పాప్రికా 2 టేబుల్‌స్పూన్లు, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి ఒక్కో టేబుల్‌స్పూను, థైమ్, ఒరెగానో, నల్ల మిరియాలు, కయాన్ కారం ఒక్కో టీస్పూను, తెల్ల మిరియాలు అర టీస్పూను, ఉప్పు ఒకటిన్నర టీస్పూను. ధనియాల పొడి, గరం మసాలా జోలికి పోకు. వేస్తే బాగానే ఉంటుంది, కానీ అది కేజన్ కాదు, మన కూరే.

కారం గురించి: కేజన్ అనగానే నోరు మండాలి అనే పేరు బయటివాళ్లు తగిలించినదే. ఇక్కడికి అరగంట దూరంలో ఉన్న ఒపెలూసస్ దగ్గర 1940లో పుట్టిన పాల్ ప్రూడమ్ అనే వంటవాడు న్యూ ఓర్లీన్స్‌లో హోటల్ పెట్టి, రెడ్‌ఫిష్ అనే చేపని మసాలాలో నల్లగా కాల్చి వడ్డించాడు. 1980లలో దేశం మొత్తం ఆ రెడ్‌ఫిష్ వెంట పడింది. ఎంతగా అంటే చేప తరిగిపోతోందని వేట మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి కేజన్ అంటే ఎర్రపొడి అయిపోయింది. నిజానికి ఈ చుట్టుపక్కల పెద్దవాళ్ల ఇళ్లలో వండేవి గోధుమ రంగు కూరలు. టమాటా కూడా క్రియోల్ అనే న్యూ ఓర్లీన్స్ నగరపు వంటలో ఎక్కువ, ఇటు తక్కువ. వీళ్ల పూర్వీకులు కెనడాలోని అకేడియా నుంచి వచ్చిన ఫ్రెంచ్ రైతులు. 1755 నుంచి బ్రిటిష్ వాళ్లు తరిమేస్తే చాలామంది చివరికి ఈ చిత్తడి నేలకి చేరారు. అకేడియన్ అన్న మాటే నలిగి కేజన్ అయింది. గుంటూరు కారం తిన్న నాలుకకి చప్పగానే ఉంటుంది మరి. నీ వాటా మీద టబాస్కో అనే కారం సాస్ చల్లుకో, అదీ ఇక్కడి ఏవరీ ఐలండ్‌లో తయారయ్యేదే.

ప్రశ్న: మాకు ఓవెన్ లేదు. థైమ్, సెలరీ ఆన్‌లైన్‌లో చూస్తే ధర చూసి మానేశాను. హైదరాబాద్‌లో చేసుకోలేమా? (ఒక పాఠకురాలు, మల్కాజిగిరి)

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. పాప్రికా బదులు బ్యాడిగి మిర్చి పొడి, రంగు అదే వస్తుంది. థైమ్‌లో ఘాటునిచ్చే థైమాల్ మన వాములోనూ ఉంది. అయితే వాము మొరటు, రెండు వేళ్ల మధ్య నలిపిన చిటికెడు దాటకూడదు. సెలరీకి కొత్తిమీర కాడలు. అచ్చం అదే రుచి అనను కానీ ఆ పచ్చి వాసన వస్తుంది. క్యాప్సికం చెక్కల్ని మందపాటి పెనం మీద నూనె రాసి బోర్లా పెట్టి, సన్న సెగ మీద మూతపెట్టి ఏడు నిమిషాలు ఉంచి, తిప్పి కూరి, మళ్లీ అయిదు నిమిషాలు. మూత లోపల చేరిన ఆవిరి కూరిన దానిలోకి కారకుండా మూతకి గుడ్డ కట్టి, కొసలు పైన ముడి వేయండి, మంటకి తగలనీకండి. పెద్దకూర తినేవాళ్లయితే అండర్‌కట్ అనే మెత్తటి కోత అడిగి తీసుకోండి. మటనైతే కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, ఆరబెట్టి, ఆ తర్వాతే మూకుట్లో వేపాలి.

ప్రశ్న: వచ్చే వారం ఇండియా నుంచి అత్తగారు వస్తున్నారు. ఆవిడ బీఫ్ వాసన కూడా భరించరు. పిల్లలేమో ఇది కావాలని పట్టుబట్టారు. (ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ఆవిడ ఉన్నన్నాళ్లూ పిల్లలకి చికెన్ థై ముక్కలతో చేసిపెట్టండి, అదే కోత, అదే వేపుడు, కాకపోతే 165 డిగ్రీల దాకా ఉడకాలి. ఒకే ట్రేలో ఎరుపువి బీఫ్, పచ్చవి రొయ్యలు అని పెట్టి, ఎవరిది వాళ్లు తీసుకుంటారులే అనే తెలివి నేనూ చూపించాను ఒకప్పుడు. మా అత్తగారు రెండు రోజులు పెరుగన్నం మీదే ఉన్నారు.

ఆవిడకి రొయ్యలు ఇష్టమైతే ఇంకో దారుంది. న్యూ ఓర్లీన్స్‌లో మిర్లిటన్ అనే కాయలో రొయ్యలు కూరి చేస్తారు. ఆ కాయ ఏమిటో తెలుసా? మన బెంగళూరు వంకాయే. ఉడికించి, గుజ్జు గీరి, రొయ్యలూ బ్రెడ్ పొడీ కలిపి మళ్లీ అందులోనే పెట్టడం. ఆవిడకి చేత్తో పట్టి చూపించండి, కాయని గుర్తుపడతారు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో కొన్న రొయ్యల ప్యాకెట్ ఫొటో పంపాడు, వెనక ఇండియా అని ఉంది. మన చెరువుల్లోవేనా? మీరైతే ఏవి వాడతారు? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: అయ్యా, మీది మా పక్క ఊరే. అమెరికా దిగుమతి చేసుకునే రొయ్యల్లో కొన్నేళ్లుగా అన్ని దేశాలకన్నా పెద్ద వాటా ఇండియాదే, అందులో పెద్ద వాటా మన ఆంధ్రాది. కాబట్టి మీ చెరువుదే అయ్యుండొచ్చు. 90లలో టైగర్ రొయ్య కోసం వరిచేలు చెరువులవడం, తెల్లమచ్చ రోగం వచ్చి అవే చెరువులు ఎండబెట్టుకోవడం చిన్నప్పుడు చూశాను. 2009లో వనామీ అనే రకం రొయ్యకి అనుమతి వచ్చాక మళ్లీ నీళ్లు పెట్టారు. ఇక్కడ మాకు పడమరగా క్రౌలీ వైపు వెళ్తే వరి కోసిన మళ్లలోనే నీళ్లు నిలిపి, రొయ్యకి చుట్టంలాంటి క్రాఫిష్ పెంచుతారు. మొదటిసారి చూసినప్పుడు కారు ఆపించి గట్టు మీద నిలబడ్డాను.

ఏవి వాడతానంటే, ఇబ్బందిగానే చెబుతున్నాను. ఇక్కడ పడవల మీద రొయ్యల వేటకి వెళ్లేవాళ్లు దిగుమతుల వల్ల ధర పడిపోయి నలిగిపోతున్నారు. దిగుమతి రొయ్యలైతే హోటళ్లు ఆ సంగతి మెనూలో రాయాలని 2019లో లూసియానా చట్టం కూడా చేసింది. మే నెల నుంచి బ్రౌన్, ఆగస్టు నుంచి వైట్ రొయ్యలు దిగుతాయి. ఆ రోజుల్లో తలలతో ఉన్నవి రోడ్డు పక్కన ఐసు పెట్టెల్లోంచి కొంటాను. పొట్టు నీళ్లు మరిగించాలంటే అవే కావాలి. మిగతా నెలల్లో ఫ్రీజర్ తలుపు తీసి మీ రొయ్యలే కొంటాను. మీ అబ్బాయికి ఒకటి చెప్పండి: ప్యాకెట్ మీద సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే ఆ రొయ్య నీళ్లు పట్టుకుని ఉంటుంది, మూకుట్లో వదిలేస్తుంది. రొయ్య, ఉప్పు తప్ప ఇంకేమీ లేనిది తీసుకోమనండి. ప్యాకెట్ మీద 31/40 అంటే పౌండుకి 31 నుంచి 40 రొయ్యలు తూగుతాయని. ఈ వంటకి ఆ సైజు సరిపోతుంది.

ప్రశ్న: క్యాప్సికం అడుగున మూడు బుడిపెలుంటే మగది, నాలుగుంటే ఆడది, ఆడది తియ్యగా ఉంటుంది అంటారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: కాదమ్మా. కాయల్లో ఆడా మగా లేవు. తీపి కావాలంటే ఎర్రది కొనండి, అది పండింది. పచ్చది పండకముందే కోసింది, అందుకే కాస్త చేదు. నాలుగు బుడిపెలది పళ్లెంలో బాగా నిలబడుతుంది, అంతవరకే దాని గొప్ప. మనం ఎలాగూ నిలువునా కోసేస్తున్నాం.